బూజు పట్టిన తోలు సీటు

వానాకాలం నాలుగు నెలలూ గడచి, బీరువా తలుపు తీసినప్పుడు ముక్కుకు సోకే ఆ మగ్గిన వాసనను ఎరుగనివారు మన పాఠకులలో ఉండరు. పండుగకు పెట్టుకుందామని తీసిన బెల్టు మీద తెల్లని పొడి, పెళ్ళికి తొడుక్కుందామని దించిన బూట్ల మీద ఆకుపచ్చని మచ్చలు, చేతిసంచి మడతలలో బూడిదరంగు చారలు - క్వార్టర్లలో కాపురమున్న ప్రతి కుటుంబానికీ ఇది అనుభవమే. తడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పడవేసి, ఆ సంగతి మరచిపోవడం చాలామంది అలవాటు. మా అలవాటూ అదే. అది ఎంత పొరపాటో మా నాన్నగారి సైకిలు సీటు మాకు నేర్పింది. ఆ పాఠాన్ని తోటి ఉద్యోగులతోను, వారి కుటుంబాలతోను పంచుకోవాలనే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆ సీటు ఉన్న ఇల్లు జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో ఉన్నది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ సాక్చి అనే చిన్న పల్లె దగ్గర ఉక్కు కర్మాగారం వెలసి, 1912లో తొలి ఉక్కు పోసిన నాటి నుండి, దేశం నలుమూలల ప్రజలూ అక్కడికి తరలివచ్చారు. 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి రైలెక్కి వెళ్ళిన తెలుగువారు అక్కడ తరాల తరబడి స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో శ్రీరామనవమి నాడు నిలబడితే, ఆ ఊరు బీహారులో ఉండేదా, 2000 సంవత్సరం నుండి జార్ఖండ్‌లో ఉన్నదా అన్న ధ్యాసే కలుగదు. చెవిన పడేదంతా మన ఉత్తరాంధ్ర మాటే.

మా నాన్నగారు 1959లో, ఇరవై ఏళ్ళ ప్రాయంలో, శ్రీకాకుళం జిల్లాలోని మా స్వగ్రామం విడిచి ఆ ఊరు చేరారు. నలభై సంవత్సరాలు కొలిమి వేడిలో పనిచేసి 1999లో పదవీ విరమణ చేశారు. మేము పుట్టి పెరిగింది అక్కడే. ఉద్యోగరీత్యా మేము విశాఖపట్నం వచ్చివేసినా, 2014లో మా అమ్మగారు కాలం చేసినా, ఆయన మాత్రం బారిడీహ్‌లోని రెండు గదుల ఇంటిని విడిచి రాలేదు. పిలిచినప్పుడల్లా, "ఈ వానాకాలం వెళ్ళనీ" అనేవారు. ఆ వానాకాలం వెళ్ళాక, "ఈ చలికాలం వెళ్ళనీ" అనేవారు.

ఇక సైకిలు సంగతి. అది 1963లో నెలనెలా జీతంలో మిగిల్చి కొన్న సెన్-రాలే సైకిలు. ఇంగ్లండులోని రాలే కంపెనీ సహకారంతో అసన్సోల్‌లో నెలకొన్న ఆ కర్మాగారపు సైకిళ్ళకు ఆనాడు తూర్పు భారతంలో మంచి పేరుండేది. తరువాతి కాలంలో దానిని ప్రభుత్వం తీసుకోగా అది కూడా మనవంటి ప్రభుత్వరంగ సంస్థ అయింది. నేడు ఆ కర్మాగారం లేదు గాని, మా నాన్నగారి సైకిలు ఉన్నది. ఉదయం ఆరింటి షిఫ్టు అయినా, రాత్రి పదింటి షిఫ్టు అయినా, సిధ్‌గోడా మీదుగా సాక్చి వైపు ఆయన ఆ సైకిలు మీదనే వెళ్ళేవారు. టైర్లు, చెయిను, పెడళ్ళు, బ్రేకులు ఎన్నిసార్లు మారాయో లెక్క లేదు. ఫ్రేమూ, సీటూ మాత్రం మారలేదు.

ఈనాటి మెత్తని స్పాంజి సీట్లు చూసిన పిల్లలకు ఆ సీటు ఎలాంటిదో చెప్పాలి. ఇనుప చట్రానికి ముందొక కొస, వెనుకొక కొస రివెట్లతో బిగించిన దళసరి తోలు పలక అది. అడుగున దూది లేదు, స్పాంజి లేదు. డోలు మీది తోలువలె కేవలం బిగువు మీద అది నిలుస్తుంది. ఇటువంటి సీటుకు పేటెంటు పొందినవాడు బర్మింగ్‌హాంలో 1866 నుండి తోలు సామాను వ్యాపారం చేసిన జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్. తన గుర్రం చనిపోగా సైకిలెక్కడం మొదలుపెట్టి, దాని సీటు కాఠిన్యం భరించలేక, గుర్రపు జీను ఎరిగిన చేతితోనే సైకిలుకు తోలు సీటు చేశాడని చెబుతారు. ఆ పేటెంటు 1882 నాటిది. ఈ సీటు కొత్తలో రాయివలె ఉంటుంది. ఏడాది తొక్కేసరికి తొక్కేవాని శరీరపు అచ్చు తనలో ఇముడ్చుకుంటుంది. ఆ తరువాత మరొకరు కూర్చుంటే వారికి సుఖముండదు. చిన్నతనంలో మేము దొంగతనంగా ఆ సైకిలు తొక్కినప్పుడల్లా, సాయంత్రం మా నాన్నగారు సీటు మీద కూర్చోగానే, "ఎవుడ్రా ఎక్కినాడు?" అని అడిగేవారు. ఆయనకు ఎలా తెలిసేదో మాకు అంతుపట్టేది కాదు.

2023 మే నెలలో ఆయన పెరట్లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స అయ్యాక, జూన్ మొదటి వారంలో విశాఖపట్నం తీసుకువచ్చాము. బారిడీహ్ ఇంటికి తాళం వేశాము. గదులు తుడిపించాము, గ్యాసు కట్టివేశాము, కరెంటు మెయిను దించాము. వాన జల్లు పడకూడదని కిటికీలన్నీ బిగించి, వాటి సందులలో కాగితాలు కూడా దోపాము. సైకిలును వెనుక గదిలో పెట్టి, దుమ్ము పడకుండా సీటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి, దారంతో కట్టాము. మా జాగ్రత్తకు మేమే మురిసిపోయాము. మా చెల్లెలు అదే ఊళ్ళో కదమాలో ఉంటుంది. నెలకొకసారి వెళ్ళి తలుపులు తీసి రమ్మని ఆమెకు ఒక్క మాట చెప్పి ఉండవలసింది. మేము చెప్పలేదు. తాళంచెవి మా బీరువాలోనే ఉండిపోయింది.

ఆ ఏడాది దసరా వెళ్ళాక, అక్టోబరు చివర, చేతికర్ర సాయంతో నడవగలిగిన నాన్నగారిని వెంటబెట్టుకొని టాటానగర్ స్టేషనులో దిగాము. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మేము వెళ్ళింది ఆయన కోరిక తీర్చడానికి మాత్రమే కాదు. ఆ ఇల్లు కొంటామని ఒకరు కబురు పెట్టారు. ఒకసారి ఇల్లు చూపించి, మెల్లగా ఒప్పించి, సామాను సర్దుకొని ఆయనను శాశ్వతంగా తీసుకువచ్చివేయాలని మా ఆలోచన. పాత సైకిలును కబాడీవాలాకు ఇచ్చివేయాలన్నది కూడా ఆ ఆలోచనలో ఒక భాగమే. ఈ మాట ఆయనతో అనలేదు గాని, ఆయన గ్రహించే ఉంటారు.

తలుపు తీయగానే మగ్గిన వాసన గుప్పుమన్నది. గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి. నాన్నగారు తిన్నగా వెనుక గదికి నడిచారు. మేము దారం తెంపి ప్లాస్టిక్ సంచి లాగాము. సీటు కనబడలేదు. దాని మీద బూజు కనబడింది. పైన తెల్లని నూగు, అంచులలో ఆకుపచ్చ, మడతలలో నలుపు. ఆయన వేలితో తాకలేదు. చాలాసేపు చూసి, "ఊపిరాడక సచ్చిపోనాది" అన్నారు. కాసేపటికి మా వైపు తిరగకుండానే మరొక మాట అన్నారు. "దీన్నే సూసుకోలేకపోనారు, నన్నేటి సూస్తార్రా?"

మేము జవాబు చెప్పలేకపోయాము. తుంటి విరిగినప్పుడు రాత్రింబవళ్ళు చేసిన సేవ, నాలుగు నెలల మందులు, మా శ్రీమతి ఉప్పు తగ్గించి వండిన వంటలు - ఇవన్నీ నోటి చివరిదాకా వచ్చాయి. కాని ప్లాస్టిక్ సంచి మా చేతిలోనే ఉన్నది. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు.

మర్నాడు తెల్లవారకముందే లేచి, ఆయన చూసేలోగా ఆ సీటును బాగుచేసి పెట్టాలని పూనుకున్నాము. తడిగుడ్డతో గట్టిగా రుద్ది తుడిచాము. బూజు పోయింది. తోలు ఎండిపోయినట్లు కనబడితే కొబ్బరినూనె దండిగా పట్టించాము. పగలంతా పెరట్లో ఎండకు పెట్టి, రాత్రి మళ్ళీ ఆ వెనుక గదిలోనే ఉంచాము. చూడటానికి సీటు నిగనిగలాడింది. నాన్నగారు చూసి ఏమీ అనలేదు. నాలుగవ నాటికి అడుగు భాగం నుండి ఆకుపచ్చని మచ్చలు తిరిగి లేచాయి. అంతకు మునుపు లేనిచోట కూడా లేచాయి. ఎండ తగిలిన పైభాగాన సన్నని పగుళ్ళు కనబడ్డాయి.

అప్పుడు బారిడీహ్ బజారులోని సైకిలు మిస్త్రీ దగ్గరికి వెళ్ళాము. వయసు మళ్ళిన మనిషి. మా నాన్నగారి సైకిలును ఎన్నో ఏళ్ళుగా ఎరిగినవాడు. మేము చేసినదంతా విని తల పట్టుకున్నాడు. "బాబూజీ ఇంట్లోనే ఉన్నారు కదా, ఆయనను అడగక నన్ను అడుగుతారేమి? ఆ గద్దీ సంగతి నాకంటె ఆయనకే బాగా తెలుసు" అని హిందీలో మందలించాడు. ఇంటికి వచ్చి, తల వంచుకొని, "నాన్నా, ఎలా చెయ్యాలో నువ్వే చెప్పు" అన్నాము. ఆ ఇంట్లో అడుగు పెట్టాక ఆయన ముఖంలో కొంత కళ కనబడింది అప్పుడే. "కుర్చీ తెచ్చి వరండాలో ఎయ్యి. పానా ఒట్టుకురా" అన్నారు.

ఆయన చెప్పిన పద్ధతి, దాని వెనుకనున్న శాస్త్రం రెండూ కలిపి ఇక్కడ రాస్తాము. ఆయన కారణాలు చెప్పలేదు. అవి మేము తరువాత చదివి తెలుసుకున్నవి.

బూజు అనేది శిలీంధ్రం. దాని సిద్ధబీజాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. వాటిని పూర్తిగా నిర్మూలించడం ఎవరి తరమూ కాదు. గాలిలో తేమ సుమారు 70 శాతం దాటి, గాలి కదలిక లేక, వెలుతురు తగ్గి, తినడానికి ఏదైనా దొరికితే అవి మొలకెత్తుతాయి. తోలులోని నూనెలు, కొవ్వులు, పైన పేరుకున్న చెమట, మురికి వాటికి ఆహారం. తోలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది, మళ్ళీ విడుస్తుంది. ప్లాస్టిక్ సంచి తొడిగితే విడిచే దారి మూసుకుపోతుంది. అంటే కిటికీలు బిగించి, సంచి తొడిగి, మేము బూజుకు చక్కని పురిటిగది కట్టి ఇచ్చామన్నమాట. తరువాత తడిగుడ్డతో సిద్ధబీజాలను సీటంతటా పులిమి, కొబ్బరినూనెతో వాటికి విందు చేశాము.

మొదటి పని: సీటును విప్పి, ఆరుబయటకు తేవాలి. గదిలో దులిపితే బూజు గదంతా పరుచుకుంటుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. పొడిగా ఉన్న మెత్తని బ్రష్షుతో పైపైన దులపాలి గాని అదిమి రుద్దకూడదు. ముందు అడుగు భాగం, తరువాత పైభాగం. నునుపు లేని అడుగు వైపునే బూజు బాగా వేళ్ళూనుతుంది. మేము మొదటిసారి అడుగు వైపు చూడనే లేదు. పని అయ్యాక బ్రష్షును వేడినీటిలో ఉతకాలి.

రెండవ పని: మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో అంతే నీరు కలిపి, దూదిని ముంచి, బాగా పిండి, తుడవాలి. దూది చెమ్మగా ఉండాలి, కారకూడదు. ముందుగా కనబడని మూల ఒకచోట తుడిచి, రంగు దిగుతున్నదేమో చూడాలి. మురికి పట్టిన దూదిని మళ్ళీ ముంచకూడదు, పారవేయాలి. దగ్గరలో దీపం గాని, పొయ్యి గాని ఉండరాదు. బట్టల మచ్చలకు వాడే బ్లీచింగు మందు తోలుకు తగలనీయరాదు. అది మచ్చనే కాదు, తోలు పీచును కూడా తినివేస్తుంది.

మూడవ పని: నీడలో, గాలి వీచే చోట ఆరనీయాలి. మండుటెండ పనికిరాదు. త్వరగా ఎండితే తోలు బిరుసెక్కి పగులుతుంది. మేము వరండాలో తాడు కట్టి మూడు రోజులు వేలాడదీశాము. తడి తోలు సీటు మీద ఎన్నడూ కూర్చోరాదని నాన్నగారు పదేపదే చెప్పారు. తడిసిన తోలు సాగుతుంది. ఆ సాగుడు ఎండాక కూడా పోదు. సీటు ఊయలవలె కుంగిపోతుంది.

నాలుగవ పని: బాగా ఆరిన తరువాతనే తేనెమైనం కలిసిన పాలిష్‌ను పలుచగా పట్టించి, పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవాలి. ఎక్కువ పట్టిస్తే ఎక్కువ మేలు అనుకోవడం మా వంటివారి భ్రమ. దాచవలసి వస్తే నూలు సంచిలో, గోడకు ఆనకుండా, గాలి ఆడేచోట దాచాలి. పక్షానికొకసారి తీసి చూడాలి.

ఈ పనిలో ఉన్న వారం రోజులలో నాన్నగారు మాతో మాట్లాడినంతగా అంతకు ముందు పదేళ్ళలో మాట్లాడలేదు. ఇల్లు, అమ్మకం అన్న మాటలు మా నోట రాలేదు. కొంటామన్నవారు ఫోను చేస్తే, "ఇప్పుడు కాదండీ" అని చెప్పివేశాము.

బూజు పోయింది గాని మచ్చలు పూర్తిగా పోలేదు. అవి రెండు రకాలుగా ఉన్నాయి. మొదటివి బూడిదరంగు చుక్కలు. శిలీంధ్రపు రంగు తోలు పీచులోనికి ఇంకిపోతే దానిని వెలికి తీయడం కష్టం. నల్ల బూట్‌పాలిష్ పూస్తే కనబడకుండా పోతాయని మేము సూచించాము. "నా పంచె నల్లబడితే మీ ఆవిడ ఉతుకుతాదేటి?" అన్నారు. ఆయన ఇక ఆ సైకిలు ఎక్కలేరని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఆ మాటకు ఇద్దరమూ నవ్వాము.

రెండవవి రివెట్ల చుట్టూ ఉన్న నీలినలుపు వలయాలు. వెనుక వరుసలో రెండు రివెట్ల చుట్టూ అవి మరీ ముదురుగా ఉన్నాయి. ఎంత తుడిచినా దూదికి అంటలేదు. మేము అవి కూడా బూజు మచ్చలేననుకొని, నిమ్మకాయ కోసి తెచ్చాము. పులుపుతో ఇటువంటి మచ్చలు పలచబడతాయని ఎక్కడో విన్నాము. నిమ్మచెక్క ఆనించబోతుంటే నాన్నగారు చెయ్యి పట్టుకున్నారు. "అది బూజు కాదురా. అది మీ చెల్లి పుట్టిన రాత్రి."

1971 ఆగస్టులో ఒక రాత్రి మా అమ్మగారికి నొప్పులు మొదలైనప్పుడు జోరున వాన కురుస్తున్నదట. రిక్షా దొరకలేదు. ఆయన ఆ వానలో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఒక టాక్సీవాలాను నిద్రలేపి, టాక్సీ ముందు నడువగా వెనుక సైకిలు తొక్కుతూ ఇంటికి, ఇంటి నుండి ఆసుపత్రికి వెళ్ళారట. తెల్లవార్లూ సైకిలు ఆసుపత్రి బయట వానలోనే ఉన్నది. తడిసిన సీటును తుడవాలన్న స్పృహ ఆ రోజు ఆయనకు లేదు. రెండు రోజుల తరువాత చూస్తే రివెట్ల చుట్టూ ఈ వలయాలు ఏర్పడ్డాయి. యాభై రెండేళ్ళుగా అవి అక్కడే ఉన్నాయి. మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఆ వలయాల వెనుక ఉన్న రసాయనం మన పెద్దలకు కొత్త కాదు. ఇటువంటి సీట్లకు వాడే తోలును చెట్ల బెరడులు, కాయలలోని టానిన్‌తో ఊనుతారు. దక్షిణాదిన ఆ పనికి తంగేడు బెరడు ప్రసిద్ధం. బతుకమ్మలో పేర్చే ఆ పచ్చని పూల తంగేడే. నల్లతుమ్మ బెరడు, కరక్కాయ కూడా వాడతారు. ఇట్లా ఊనిన తోలు అచ్చు నిలుపుకుంటుంది, బిగువు ఓర్చుకుంటుంది. కాని తడిసి ఉండగా ఇనుము తగిలితే, ఇనుమూ టానినూ కలిసి నీలినలుపు రంగు పుడుతుంది. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి రాతసిరా కాచింది ఈ సూత్రంతోనే. కాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుపముక్కలు బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన కసిమితో నల్లగీతలు దిద్దేదీ ఈ సూత్రంతోనే. అంటే ఆనాటి వానరాత్రి ఆ తోలు మీద సిరాతో రాసిపెట్టినట్లే అయింది. మేము నిమ్మకాయతో చెరపబోయింది దానిని.

తోలును గురించి చదువుతున్నప్పుడు మాకు తారసపడిన మరొక పేరు ఇక్కడ తలచుకోవడం మన ధర్మం. గుంటూరు సీమలోని యలవర్రులో 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు, మద్రాసు అడయారులో 1948లో ఏర్పడిన కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకులుగా ఉండి, దానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చారు. తరువాత సి.ఎస్.ఐ.ఆర్. అధిపతి అయ్యారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించారు. తోలు పని అంటే చిన్నచూపు చూసే సమాజంలో పుట్టి, తోలు శాస్త్రాన్ని జీవితవ్రతంగా చేపట్టిన తెలుగువాడు ఆయన. ఒక సీటు తుడవడానికి మాకు పట్టిన తిప్పలు చూస్తే ఆ శాస్త్రం ఎంత లోతైనదో కొంత అర్థమైంది.

నవంబరులో మేము ఒంటరిగానే విశాఖపట్నం తిరిగి వచ్చాము. నాన్నగారు రానన్నారు. మా చెల్లెలు వచ్చి ఆయన దగ్గర ఉన్నది. డిసెంబరు చివర సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాము. బారిడీహ్‌లో చలి గట్టిగా ఉన్నది. ఉదయం సీటు చూస్తే గుండె గతుక్కుమన్నది. దాని మీద మళ్ళీ తెల్లని పొర! పడిన శ్రమంతా వృథా అయిందనుకొని స్పిరిట్ సీసా కోసం పరుగెత్తబోతుంటే, నాన్నగారు బొటనవేలిని ఆ తెల్లదనం మీద ఆనించి, కొంతసేపు అదిమి పట్టి తీశారు. వేలు ఆనిన మేర తెలుపు మాయమై తోలు రంగు తేలింది. "నువ్వు రాసిన కొబ్బరినూనేరా ఇది. సలికి పేరింది" అన్నారు.

ఈ చిన్న పరీక్ష పాఠకులు గుర్తుంచుకోదగినది. చలికాలంలో తోలు మీద కనబడే తెలుపంతా బూజు కాదు. లోపలి కొవ్వులు పైకి తేలి గడ్డకట్టినా అలాగే కనబడుతుంది. కొద్దిపాటి వెచ్చదనం తగిలితే కొవ్వు కరుగుతుంది. బూజు కరగదు. బూజు నూగువలె లేచి, మగ్గిన వాసన వేస్తుంది. కొవ్వుకు ఆ వాసన ఉండదు. ఏది ఏదో తెలుసుకోకుండా మందు పూస్తే, లేని రోగానికి వైద్యం చేసినట్లవుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం వరండాలో కూర్చొని ఉండగా, మేము ధైర్యం చేసి, "నాన్నా, ఆ రోజు నువ్వన్న మాట నిజమే. తాళం వేశాము గాని, చూసుకోలేదు" అన్నాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "సంచి తొడిగినావు కదా. పాడు సెయ్యాలని తొడగనేదు" అన్నారు. అంతకు మించి ఆ విషయం మా మధ్య మళ్ళీ రాలేదు.

2024 జూన్‌లో, తొలకరికి ముందు, ఆయనే ఫోను చేసి, "వచ్చి తీసుకెళ్ళు" అన్నారు. సైకిలును బజారు మిస్త్రీకి ఇచ్చివేశారు. సీటును మాత్రం విప్పించి, నూలు సంచిలో పెట్టి, రైలులో ఒడిలో పెట్టుకొని వచ్చారు. ఇల్లు అమ్మలేదు. పిల్లలున్న ఒక కుటుంబానికి అద్దెకు ఇచ్చాము. అద్దె తక్కువే. కాని కిటికీలు తెరచి ఉంటున్నాయి, పొయ్యి వెలుగుతున్నది. ఇంటికైనా తోలుకైనా మనిషి మసలడమే మందని మా చెల్లెలు అన్నది.

ఇప్పుడా సీటు మా బాల్కనీలో, వాన జల్లు తగలని చోట, ఒక మేకుకు వేలాడుతున్నది. విశాఖ సముద్రపు గాలిలో తేమ తక్కువేమీ కాదు. అందుచేత ప్రతి ఆదివారం ఉదయం నాన్నగారు దానిని దింపించుకొని, అడుగు వైపు తిప్పి చూసి, పొడిగుడ్డతో తుడుస్తారు. మా మనవరాలు పక్కన కూర్చొని ఆ నల్లని వలయాలు ఏమిటని అడిగింది. ఆయన ఆ వానరాత్రి కథ మొదలుపెట్టారు. మేము వంటింటి గుమ్మంలో నిలబడి మళ్ళీ విన్నాము.

ఈ వ్యాసం చదివే మిత్రులలో ఎవరి ఇంటనైనా తాళం వేసిన గది ఉంటే, అందులో తండ్రి బెల్టో, తాత చెప్పులో, పాత తోలు పెట్టెయో ఉంటే, ఈ వానలు రాకముందే ఒకసారి తలుపు తీయండి. తాళంచెవి ఊళ్ళో ఉన్నవారికి ఇచ్చి, నెలకొకసారి కిటికీలు తెరవమని ఒక్క మాట చెప్పండి. ప్లాస్టిక్ సంచులు మాత్రం తొడగకండి. మచ్చ కనబడితే, తుడిచేముందు ఇంట్లో పెద్దవారిని ఒకసారి అడగండి.